ఖాళీ చూస్తే ఊరుకోని భావనారాయణ

ఒకే పెట్టెలో నాలుగు కంప్యూటర్ల చేత కాపురం చేయించడం భావనారాయణ సాధించిన మొదటి ఘనకార్యం. గుంటూరు శివార్లలో మిర్చి నిల్వ చేసే ఆ కోల్డ్ స్టోరేజీలో గేటుకొకటి, కాటాకొకటి, బస్తాల చిట్టాకొకటి, చాంబర్లలో చలి కనిపెట్టడానికొకటి, వెరసి నాలుగు కంప్యూటర్లు కావలసి వచ్చాయి. యాజమాన్యం ఒక్క సర్వరు పంపి చేతులు దులుపుకుంది. భావనారాయణ ఆ గదిలోనే చాప వేసుకుని, పదకొండు రోజులు దానితో కుస్తీ పట్టి, లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఎక్కించి, ఆ ఒక్క యంత్రం తను నలుగురినని నమ్మేలా చేశాడు. పన్నెండో రోజున నాలుగూ పలికాయి. ఊరంతా మెచ్చుకుంటుంటే అతను తల గోక్కుంటూ, "పెట్టెలో ఇంకా చోటు మిగిలిందండీ, ఐదోది కూడా పెట్టమంటారా?" అన్నాడు.

అదీ అతని జబ్బు. ఖాళీ కనబడితే నింపకుండా ఉండలేడు.

జబ్బు పుట్టుకతో వచ్చిందే. చీరాలలో వాళ్లది మగ్గం ఇల్లు. మగ్గం గుంటలో నాన్న కాళ్లు పెట్టుకోగా మిగిలిన మూలలో అమ్మ వంకాయల బుట్ట పెట్టేది. అది చూస్తూ పెరిగినవాడు క్యారేజీలో అన్నం మధ్య గుంట చేసి పచ్చడి పెట్టుకోవడంలో వింతేముంది? హెల్మెట్‌లో ఉల్లిపాయలు తెచ్చేవాడు. గొడుగు మడతల్లో కరెంటు బిల్లు దాచేవాడు. చీరాల బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంటే, ఒంగోలు వెళ్లేవాణ్ని కూడా పిలిచి కూర్చోబెట్టిన చరిత్ర ఉంది.

అలాంటి మనిషి పైన మేనేజరుగా త్యాగరాజు మేష్టారు వచ్చారు. మేష్టారికి సరిగ్గా దీనికి ఎదురు జబ్బు. ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కలు చెప్పి, హెడ్మాస్టరుగా పదవీ విరమణ చేసి, మండలంలో పరిశుభ్రతకు ఆరుసార్లు ప్రశంసాపత్రం అందుకున్న ఘనత ఆయనది. ఆరూ ఆయనకు తారీఖులతో సహా కంఠస్థం. ఆయన బల్ల మీద ఒక గంట, ఒక పెన్ను తప్ప ఏమీ ఉండేవి కావు. ఖాళీ బల్ల ఖాళీ మనసుకు గుర్తని అనేవారు. ఎందుకో ఆ మాటకు ఆఫీసులో అందరూ తల వంచుకునేవారు.

ఒకనాడు మేష్టారు తన బీరువా కింది అర తెరిచారు. నిండా పొట్లాలు.

"భావనారాయణా, ఏమిటయ్యా ఇవన్నీ?"

"అర ఖాళీగా ఉందండీ."

"ఖాళీగా ఉండాలనే ఉంచాను."

"ఎందుకండీ?"

ముప్పై ఒక్క సంవత్సరాల సర్వీసులో ఏ విద్యార్థీ ఆయన్ని ఆ ప్రశ్న అడగలేదు.

"ఎప్పుడైనా నాకు అవసరం రావచ్చు," అన్నారు చివరికి.

"వచ్చినప్పుడు ఒక్క మాట చెప్పండి. అప్పటికప్పుడు తీసేస్తాను."

అది మాత్రం నిజం. ఎవరైనా వచ్చి "ఇది నాదయ్యా" అంటే చాలు, అతను లేచిపోయేవాడు. ముఖం కూడా చిన్నబుచ్చుకునేవాడు కాదు. ఈ సంగతి అందరూ చూశారు గాని, ఎవరూ పట్టించుకోలేదు. మేష్టారు అసలే పట్టించుకోలేదు.

తొమ్మిదేళ్లలో అతను ఒక్క సెలవు పెట్టలేదు. ఈ ఏప్రిల్లో ఒక పూట సెలవుల చిట్టా చూసి, "అన్ని గళ్లూ ఖాళీగా పడున్నాయండీ" అని తెగ బాధపడి, పది రోజులు సెలవు రాసి వాడరేవులో ఉన్న అక్క మల్లేశ్వరి ఇంటికి బయలుదేరాడు. కారులో చోటుందని పక్కింటివాళ్లను, డిక్కీలో చోటుందని వాళ్ల గ్రైండరును కూడా తీసుకెళ్లాడు.

అతను ఊరు దాటగానే మేష్టారు చీపురు పట్టించారు. బీరువా కింది అర, సర్వరు గది అటక, గేటు కౌంటరు కింద గూడు, అన్నీ ఖాళీ చేయించి, ఆ సామానంతా రెండు గోతాల్లో కుక్కించి వాచ్‌మన్ షెడ్డులో పడేయించారు. ఆ ఊపులో సర్వరు ముందు కూర్చున్నారు. గేటు కౌంటరు చూసే ఆరాధన తెర మీద అంకెల వరసంతా కాగితం మీద రాసుకుని, చదివి వినిపించింది.

"మొత్తం మెమరీ అరవై నాలుగు జీబీ సార్. ఫ్రీగా ఉన్నది ఒకటిన్నర."

"అరవై నాలుగులో ఒకటిన్నరా?" మేష్టారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "చూశావామ్మా, వీడు దీన్ని కూడా వదల్లేదు."

బజారులో కంప్యూటర్లు బాగుచేసే రామకాంత్ ఒకప్పుడు మేష్టారి శిష్యుడు. గురువుగారి మాట కాదనలేనివాడు. వచ్చి, మెమరీలో పేరుకున్నదాన్ని నిమిషానికోసారి ఊడ్చేసేలా ఒక ఆదేశం రాసి, కాళ్లకు దండం పెట్టి వెళ్లాడు. ఇప్పుడు ఫ్రీ నలభై దాటింది. మేష్టారు ఆ అంకెను ఏడో ప్రశంసాపత్రంలా చూసుకున్నారు.

మర్నాడు పొద్దున గేటు ముందు ట్రాక్టర్లు బారు తీరాయి. మామూలుగా బండికి అర నిమిషంలో ఎంట్రీ అయిపోయేది. ఆ రోజు ఆరు నిమిషాలు పట్టింది. పదకొండయ్యేసరికి బారు హైవే దాకా పాకింది. మూడింటికి పడమర నల్లటి మబ్బు లేచింది.

బారులో తొమ్మిదో బండి జైతున్‌బీది. ఎకరన్నర మిర్చి, డెబ్భై బస్తాలు. ఏడాది కష్టమంతా ఆ ట్రాలీలో ఉంది. ఒక్క జల్లు పడితే కాయ నల్లబడుతుంది, బూజు పడుతుంది, ఇక చాంబర్లోకి రానివ్వరు.

"ఏందయ్యా మేష్టారూ, ఆ డబ్బాకి జొరమొచ్చిందా?" అంది జైతున్‌బీ కిటికీలోంచి. "వాన నా బస్తాల మీదికి వచ్చేదాకా ఆగుద్దా ఏంది అది?"

"నిన్ననే శుభ్రం చేయించానమ్మా. అద్దంలా ఉంది."

"అద్దం నాకెందుకు, లోపలికి పంపించు."

ఇక లాభం లేదని మేష్టారు ఫోను తీశారు. అవతల అలల హోరు.

"భావనారాయణా, ఎక్కడున్నావు?"

"పడవలో ఉన్నానండీ."

"సముద్రంలోనా?"

"ఒడ్డునేనండీ. ఖాళీగా ఉంటే ఎక్కి కూర్చున్నాను."

మేష్టారు కోపం దిగమింగి జరిగిందంతా చెప్పారు. నలభైకి పైగా ఫ్రీ చేయించానన్న మాట దగ్గర గొంతులో కాస్త గర్వం కూడా పలికింది.

"మేష్టారండీ, అది ఆక్రమణ కాదు. మన డిస్కు పాతది, తిరిగి తిరిగి వెతకాలి. పొద్దున్నించి మీరు మళ్లీ మళ్లీ అడిగేవన్నీ లైనక్స్ ఆ ఖాళీ చోట్లో చేతికందేలా పెట్టుకుంటుంది. నాలుగు మిషన్లకీ కలిపి. మీరు నిమిషానికోసారి ఊడ్చేస్తుంటే పాపం ప్రతిదానికీ మళ్లీ డిస్కు దాకా పరిగెత్తాలి."

"మరి ఏ మిషనుకైనా నిజంగా మెమరీ కావలసి వస్తేనో? చోటేదీ?"

"అప్పుడు... ఒక్క క్షణం సార్, పడవవాళ్లొచ్చారు, దిగుతున్నాను." ఇసుకలో దూకిన చప్పుడు. ఎవరిదో నవ్వు. "ఆఁ, చెప్పండి."

"ఏమైంది?"

"ఏం లేదండీ. వాళ్ల పడవ వాళ్లకి కావాలన్నారు, దిగాను. అదీ అంతే చేస్తుంది సార్. అడగ్గానే లేచిపోద్ది. మీరు ఫ్రీ అన్న గడి చూడకండి. అదే వరసలో చివర అవైలబుల్ అని ఇంకో గడి ఉంటది. కావాలంటే ఇవ్వగలిగింది అందులో చూపిస్తది. ఊడ్చకముందు కూడా అది నలభై ఉండి ఉంటది."

ఆరాధన నిన్న రాసుకున్న కాగితం తీసి చూసింది. అవైలబుల్ గడిలో నలభై రెండు.

మేష్టారికి ఆ పడవ కళ్లకు కట్టింది. ఇన్నేళ్లుగా ఈ మనిషి లేచి ఇచ్చిన కుర్చీలన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి.

భావనారాయణ ఫోనులో చెబుతుంటే ఆరాధన రామకాంత్ రాసిన ఆదేశాన్ని తీసేసింది.

"ఒక నాలుగైదు బండ్లు ఓపిక పట్టండి. మొదటిసారి అన్నీ డిస్కులోంచే తెచ్చుకోవాలి గదా."

మొదటి బండికి ఐదు నిమిషాలు. తర్వాతి దానికి మూడు. నాలుగో బండికి నిమిషం. జైతున్‌బీ వంతు వచ్చేసరికి తెర టకటకా కదిలింది. మబ్బు నెత్తి మీదికి వచ్చేసింది.

"పాస్‌బుక్ జెరాక్స్ ఇవ్వండి, పిన్నీ," అంది ఆరాధన.

జైతున్‌బీ ముఖం పాలిపోయింది. "ఇంట్లో మర్చిపోయాను. ఎప్పుడూ మీ భావనారాయణే కౌంటరు కింద నుంచి తీసి పెట్టేవాడు గదా."

మేష్టారు కౌంటరు కింద చూశారు. గూడు అద్దంలా ఉంది.

అరవై ఎనిమిదేళ్ల మనిషి వాచ్‌మన్ షెడ్డుకు పరుగెత్తడం ఆ ఆవరణలో ఎవరూ అంతకు ముందు చూడలేదు. గోతాలు రెండూ నేల మీద కుమ్మరించారు. ప్రతి పొట్లం మీదా ఒక చీటీ ఉంది. "జైతున్‌బీ గారి పాస్‌బుక్ కాపీలు ఐదు. ప్రతిసారీ మర్చిపోతారు." "ఆరాధనకి తలనొప్పి మాత్రలు. సీజన్లో వారానికి రెండుసార్లు." "టార్పాలిన్లు నాలుగు. ఏప్రిల్లో జల్లులు." అడుగున, తన బీరువా అరలోంచి తీసి విసిరేసినదే, ఒక చిన్న డబ్బా. "మేష్టారి కళ్లజోడు, రెండో జత. జనవరిలో మూడుసార్లు ఇంట్లో వదిలొచ్చారు."

ఆ రోజు కూడా కళ్లజోడు ఇంట్లోనే ఉంది. మేష్టారు డబ్బాలోది తీసి పెట్టుకున్నారు. అద్దాల్లోంచి చీటీ మీద రాత స్పష్టంగా కనబడింది.

జైతున్‌బీ బస్తాలు లోపలికి వెళ్లాయి. ఇంకా బారులో, సొంత పట్టాలు లేని నాలుగు బండ్ల మీద ఆ టార్పాలిన్లు పరిచారు. చివరి కొస ముడి వేస్తుండగా మొదటి చినుకు మేష్టారి ముక్కు మీద పడింది. పన్నెండు నిమిషాలు దంచి కొట్టి వాన వెలిసింది. ఒక్క కాయ తడవలేదు.

"మీ డబ్బా మంచిదే మేష్టారూ," అంది జైతున్‌బీ కొంగు పిండుకుంటూ. "మీరు ముట్టుకోకపోతే."

సాయంత్రం మేష్టారు స్వయంగా ఒక్కొక్క పొట్లాన్ని దాని చోట సర్దారు. కింది అర నిండాక పై అరలో తన ఆరు ప్రశంసాపత్రాలు ఒక పక్కకు జరిపి, ఇంకా చోటుంటే చూసుకొమ్మని ఒక చీటీ పెట్టారు. తర్వాత మళ్లీ ఫోను చేశారు.

"ఎప్పుడొస్తున్నావయ్యా?"

"ఇంకా ఎనిమిది రోజులున్నాయి గదండీ. ఏం, మళ్లీ ఆగిందా?"

"లేదు, బ్రహ్మాండంగా ఉంది. నీ కుర్చీ ఖాళీగా ఉంది. చూడలేకపోతున్నాను."

అవతల భావనారాయణ చాలాసేపు నవ్వాడు. మేష్టారు ఫోను పెట్టేసి, ఏనాడూ ఒక్క గీత పడనివ్వని తన గోడ క్యాలెండరు దగ్గరికి వెళ్లి, ఒక ఖాళీ గడిని అంచులదాకా నింపుతూ గుండ్రటి అక్షరాలతో రాశారు: భావనారాయణ రాక, ఏప్రిల్ 16, గురువారం.