శుక్రవారం ఎర్రబండి

మొన్న శుక్రవారం పొద్దున ఇక్కడ బహ్రెయిన్‌లో ముహర్రక్ వంతెన దిగి వస్తుంటే, రోడ్డు పక్కన ట్రాఫిక్ పోలీసులు చిలకపచ్చ రంగు కారొకదాన్ని ఆపి ఉంచారు. నేలను రాసుకుంటూ పోయేంత కిందికి ఉన్న బండి. లోపల నల్ల కళ్ళద్దాల కుర్రవాడు ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, రెండో చేత్తో కాగితాలు బయటికి చాపి, పోలీసాయన ముఖం వైపైనా చూడకుండా ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. వెనక బండ్లన్నీ ఆ కారును చూడ్డానికే నెమ్మదించాయి. నేనూ నా సరుకుల వ్యాను నెమ్మది చేశాను గానీ, నేను చూసింది కారును కాదు, ఆ కుర్రవాడి చేతులను. ఇన్నేళ్ళ తరువాత కూడా ఎక్కడ బండి ఆపినా నా చూపు ముందు అక్కడికే పోతుంది. ఆ చూపు నేర్పిన పెద్దాయన గుర్తొచ్చి, జింజ్‌లో దుకాణం ముందు వ్యాను ఆపాక కూడా చాలాసేపు దిగలేదు.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మా జగిత్యాల పక్క నుంచి ఎవరు ఏ దేశం వెళ్ళినా దుబాయి పోయిండనే అనేవాళ్ళు. నేను బహ్రెయిన్‌లో ఉన్నానని తెలిసి కూడా మా ఇంటామె నిన్నమొన్నటి దాకా దుబాయి నుంచి ఫోనొచ్చిందనే చెప్పుకునేది. వచ్చిన కొత్తలో మేస్త్రీ పని. కూలీల క్యాంపులో పడుకోవడం, బస్సులో డ్యూటీకి పోవడం, తిరిగొచ్చి వండుకోవడం. పరంజా మీంచి జారి మోకాలు దెబ్బతిన్నాక ఎత్తుల మీద పని నాచేత కాలేదు. ఇంటికి పంపేస్తారనుకుంటూ ఉండగా, క్యాంపులో వంట చేసే కేరళ భాయ్ ఒకాయన, జింజ్‌లో ఒక ఇంటికి డ్రైవరు కావాలట, పోయి కనపడమన్నాడు. డ్రైవింగు ఊళ్ళోనే నేర్చుకుని ఉన్నాను గనుక, అలా ఆ ఇంట్లో చేరాను.

ఆ ఇంటి యజమానిని మేమంతా బాబా అనేవాళ్ళం. చిన్న వయసులోనే పోలీసు కొలువులో చేరి, పెద్ద హోదాలో రిటైరైన మనిషి. భార్య పోయి కొన్నేళ్ళయింది. పెద్ద కూతురు భర్తతో పిల్లలతో అదే ఇంట్లో ఉండి తండ్రిని చూసుకునేది. వంటకూ ఇంటిపనికీ కోనసీమ వైపు నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. ఆ ఇంట్లో నాకు తెలుగు వినిపించేది ఆమె నోట్లోంచే. ఆమె మాట నాకూ నా మాట ఆమెకూ మొదట్లో సగమే అర్థమయ్యేవి, తరువాత తరువాత ఒకరి మాట ఒకరికి అంటుకుంది.

నా పని తెల్ల బండిలో పిల్లల్ని బడికి, కూతురిని ఆఫీసుకు దించి రావడం. కానీ వెనక షెడ్డులో ఇంకో బండి ఉండేది. పాతకాలపు అమెరికా కారు, పండుమిరప రంగు, పైన తెల్లటి టాపు, అద్దంలా మెరిసే బంపర్లు, మంచమంత పొడుగు సీట్లు. బాబా పెళ్ళయిన కొత్తలో కొన్నదట. దాన్ని ఆయన తప్ప ఎవరూ నడపకూడదు. వారమంతా నేను తుడవడమే. శుక్రవారం పొద్దున మాత్రం బాబా స్నానం చేసి, ఇస్త్రీ చేసిన తెల్లటి పొడుగు తోబు తొడుక్కుని, అత్తరు రాసుకుని వచ్చి, స్టీరింగు ముందు కూర్చుని, నన్ను పక్కన కూర్చోమనేవాడు. ఇద్దరం కర్జకాన్‌లో ఉన్న ఖర్జూరపు తోటకు పోయేవాళ్ళం. అక్కడ ఆయన భార్య నాటిన నిమ్మచెట్లకు నీళ్ళు పెట్టి, చాయ్ కాచుకుని తాగి, మధ్యాహ్నానికి ముందే తిరిగొచ్చేవాళ్ళం. ఆయన పెద్దగా మాట్లాడడు. ఎప్పుడైనా, రఫీక్, అంటే నేస్తం, మీ ఊళ్ళో వానలు పడ్డాయా అని అడిగేవాడు, అంతే.

ఆ బండిలో నా మోకాళ్ళకు ఎదురుగా ఒక సొరుగు ఉండేది. అందులో తోలు సంచిలో బాబా పిస్తోలు. కొలువు రోజుల్లో ఎవరితోనో వచ్చిన పగ వల్ల పెట్టుకున్నాడని వంటింటి కబురు. ఆయన మాత్రం ఎన్నడూ చెప్పలేదు. దానికి లైసెన్సు ఉంది, అన్నీ చట్టప్రకారమే. అయినా మొదటి శుక్రవారాల్లో దాని ముందు కూర్చోవడమంటే నిద్రపోతున్న పాము పక్కన కూర్చున్నట్టే ఉండేది నాకు.

ఎర్రబండి రోడ్డెక్కితే ఎవరో ఒకరు ఆపేవాళ్ళు. ఒకసారి తనిఖీ కోసం, ఇంకోసారి సైలెన్సరు మోత కోసం, చాలాసార్లు ఊరికే బండిని దగ్గర్నుంచి చూద్దామని. అప్పుడు చూడాలి బాబాను. బండిని రోడ్డు అంచుకు తీసి, ఇంజను ఆపి, అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగు మీద వేళ్ళు విడదీసి పెట్టేవాడు. నన్ను కూడా చేతులు మోకాళ్ళ మీద పెట్టుకోమనేవాడు. పోలీసు వంగగానే సలాం చెప్పి, ప్రతిసారీ ఒకే మాట, ఒకే స్వరంలో చెప్పేవాడు: "నాయనా, ఎదురుగా సొరుగులో నా పిస్తోలు ఉంది. లైసెన్సు నా జేబులో ఉంది. నువ్వు చెప్పాకనే చెయ్యి కదుపుతాను." బండి కాగితాలు మాత్రం ముందద్దం పైనుండే ఎండతెరకు క్లిప్పు పెట్టి ఉంచేవాడు, వాటి కోసం సొరుగు తెరిచే అవసరమే రాకుండా. పోలీసుల ముఖాల్లో బిగువంతా ఆ ఒక్క మాటతో జారిపోయేది. కాగితాలు చూసి, బండి ఏ కాలం నాటిదని అడిగి, కొందరైతే పక్కన నిలబడి ఫోటో దిగి పంపించేవాళ్ళు.

ఎందుకింత పద్ధతి అని ఒకసారి అడిగాను, నాకొచ్చిన ముక్కల అరబీలో. తోటలో చాయ్ తాగుతూ చెప్పాడు. తానూ కుర్రతనంలో రోడ్ల మీద నిలబడ్డవాడేనట. ఆపిన ప్రతి బండి దగ్గరికీ నడుస్తుంటే గుండె దడదడలాడేదట. లోపలివాడి మనసు మంచిదో కాదో బయట నిలబడ్డవాడికి తెలియదు, కనబడేవి చేతులే, వాటినన్నా వాడికి చూపించాలి కదా అన్నాడు. తుపాకీ ఉన్నవాడే ముందు నెమ్మదిగా ఉండాలన్నాడు. ఆ తరువాత నాకు ఆ సొరుగంటే భయం పోయింది.

ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. ఒక శుక్రవారం కర్జకాన్ మలుపు దాటిపోయి, సముద్రం కనబడేదాకా పోనిచ్చాడు. ఇంకొక శుక్రవారం నిమ్మచెట్ల దగ్గర నిలబడి, ఇవి ఎవరు పెట్టారని నన్ను అడిగాడు. తరువాత ఇంట్లో కూడా, భార్య ఇంకా తయారు కాలేదా అని అక్కను అడగడం మొదలుపెట్టాడు. నేనూ అక్కా వంటింటి గుమ్మం దగ్గర దీని గురించే మాట్లాడుకునేవాళ్ళం.

"పెద్దమ్మాయిగారితో చెప్పెయ్ తమ్ముడూ," అంది అక్క ఒకరోజు. "ఆ తుపాకీ తలుచుకుంటే నాకు అన్నం సయించట్లేదు."

"చెప్తనక్కా. గని చెప్తె బండి గుంజుకుంటరు. అది వోతె ఆయనకింకేమున్నది?" అన్నాను.

ఆ సాయంత్రమే కూతురికి చెప్పాను. ఆమె తల వంచుకుని విన్నది. తనకూ తెలుసట. నాన్న చేతిలోంచి బండి తాళాలు గానీ ఆ పిస్తోలు గానీ తీసుకునే ధైర్యం లేదని, ఈ చలికాలం గడవనిమ్మని, అంతదాకా పక్కనే ఉండి కనిపెట్టుకొమ్మని అంది. అంటున్నప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు నిలిచాయి. తండ్రిని ఆ బండి లేకుండా ఆమె చిన్నప్పటి నుంచి ఊహించుకుని ఎరగదు.

చలికాలం ఇంకా అయిపోలేదు. ఒక శుక్రవారం, ఎండ మెత్తగా ఉన్న పొద్దు. కర్జకాన్ రోడ్డు మీద కొత్తగా తనిఖీ పెట్టారు. చెయ్యెత్తినవాడు నూనూగు మీసాల కొత్త పోలీసు, మమ్మల్ని ఎరగడు. బాబా బండిని అంచుకు తీయలేదు, రోడ్డు నడుమే ఆపాడు. ఇంజను ఆపలేదు. చేతులు స్టీరింగు మీద లేవు, ఒళ్ళో ఉన్నాయి. సలాం చెబుతాడని ఎదురుచూశాను, చెప్పలేదు. పోలీసు కాగితాలు అడిగాడు. బాబా ఎండతెర వైపు చూడనే లేదు. కాగితాలు, కాగితాలు అని గొణుక్కుంటూ నా మీదుగా వంగి సొరుగు మీద చెయ్యి వేశాడు.

నా రెండు మోకాళ్ళతో ఆ సొరుగును అదిమి పట్టాను. నా చేతులు రెండూ ముందద్దానికి ఆనించి పైకి పెట్టాను. బాబా లాగుతున్నాడు. ముసలి చేతుల్లో అంత బలం ఉంటుందనుకోలేదు. పోలీసు రెండడుగులు వెనక్కి వేశాడు, వాడి చెయ్యి నడుము దగ్గరికి పోయింది. గొంతు పెంచి ఏదో అరిచాడు.

"సొరుగులో పిస్తోలున్నది," అన్నాను, వచ్చిన అరబీ అంతా కూడదీసుకుని, నెమ్మదిగా. "లైసెన్సున్నది. బాబా పెద్దమనిషి, మతిమరుపు. కాగితాల కోసం ఎతుకుతున్నడు, అంతే. నువ్వు చెప్పినట్టే చేస్తం."

బాబా లాగడం మానేసి నా వైపు తిరిగాడు. అంత దగ్గరి నుంచి ఆ ముఖాన్ని నేనెప్పుడూ చూడలేదు. నన్ను పోల్చుకోవడానికి ప్రయత్నించి, పోల్చుకోలేక అడిగాడు: "నువ్వెవరు? నా దగ్గర పిస్తోలు ఉందని నీకెవరు చెప్పారు?"

మోకాళ్ళు సొరుగు మీంచి తీయలేదు, చేతులు అద్దం మీంచి దించలేదు.

అరుపు విని ఇంకొక పోలీసు పరుగెత్తుకొచ్చాడు, గడ్డం నెరిసినవాడు. బండిని చూడగానే ఆయన నడక నెమ్మదించింది. కుర్రవాడి భుజం మీద చెయ్యి వేసి వెనక్కి పంపి, బాబా వైపు వచ్చి, బాబాను హోదాతో పిలిచి సలాం చేశాడు. ఒకప్పుడు ఆయన చేతికింద పని చేసినవాడట. కిటికీలోంచి చేతులు చాపి, చంటిపిల్లవాడికి పట్టించినట్టు బాబా చేతులు రెండూ తీసి స్టీరింగు మీద పెట్టాడు. తాళం తిప్పి ఇంజను ఆపాడు. నన్ను దింపి, సొరుగు తెరిచి, తోలు సంచి తన చేతిలోకి తీసుకున్నాడు.

అంతా అయిపోయాక, స్టీరింగు తగిలిన ఆ చేతులకు ఏం గుర్తొచ్చిందో, బాబా వేళ్ళు విడదీశాడు. నడుము నిటారు చేశాడు. పాత స్వరంలో, ఒక్క అక్షరం తప్పకుండా చెప్పాడు, ఎదురుగా సొరుగులో నా పిస్తోలు ఉందని, లైసెన్సు జేబులో ఉందని, నువ్వు చెప్పాకనే చెయ్యి కదుపుతానని. నెరిసిన గడ్డపాయన చేతిలో సంచి పట్టుకునే నిలబడి, సరే సార్, కదపకండి అన్నాడు. అని ముఖం అటు తిప్పుకున్నాడు.

నేను ఫోను చేస్తే కూతురు వచ్చింది. ఎన్నాళ్ళుగా ఇలా ఉందని నెరిసిన గడ్డపాయన అడిగితే, ఆమె దాచకుండా చెప్పింది. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. లైసెన్సు రద్దయింది, పిస్తోలు అప్పగించేశారు. బండిని కొన్నాళ్ళు ముసుగు వేసి ఉంచారు గానీ, బాబా ముసుగు లాగేసి తాళాల కోసం ఇల్లంతా వెతుకుతుంటే చూడలేక, పాత కార్లు కూడబెట్టే ఒకాయనకు అమ్మేశారు. తీసుకుపోయే రోజు బాబాను ఆస్పత్రికని బయటికి తీసుకుపొమ్మని కూతురు నాకు చెప్పింది. తిరిగొచ్చేసరికి షెడ్డు ఖాళీ.

అయినా శుక్రవారం వస్తే ఆయనకు ఎట్లా తెలిసేదో తెలిసేది. స్నానం, తోబు, అత్తరు, అన్నీ మామూలే. వచ్చి ఖాళీ షెడ్డులో నిలబడేవాడు. తెల్లబండి ఎక్కమంటే, ఇది నాది కాదు అనేవాడు. కాళ్ళు నొప్పి పుట్టేదాకా అట్లా నిలబడుతుంటే అక్క వంటింట్లోంచి రెండు కుర్చీలు తెచ్చి పక్కపక్కన వేసింది. ఎర్రబండికి స్టీరింగు ఎడమవైపే గనుక ఎడమ కుర్చీలో ఆయన కూర్చున్నాడు. కుడి కుర్చీలో నేను కూర్చున్నాను. కొన్ని వారాలు అట్లా గడిచాయి. ఒకరోజు నన్ను తేరిపార చూసి, నువ్వెవరు అన్నాడు మళ్ళీ. మీ డ్రైవర్ని బాబా అన్నాను.

"మరి అక్కడ కూర్చున్నావేం, రఫీక్? ఆమె ఎక్కడ కూర్చుంటుంది?"

లేచి నిలబడ్డాను. ఇన్నేళ్ళూ ఆయన నన్ను కూర్చోబెట్టింది ఎవరి చోట్లోనో అప్పుడు తెలిసింది. ఆ తరువాత ప్రతి శుక్రవారం ఆ కుర్చీ ఖాళీగా ఉంచి, నేను గోడకు ఆనుకుని నిలబడేవాణ్ణి. ఆయన అప్పుడప్పుడు ఆ కుర్చీ వైపు తిరిగి మెల్లగా ఏదో చెప్పేవాడు. అవి నాకు చెప్పిన మాటలు కావు గనుక వినే ప్రయత్నం చేయలేదు.

ఆ ఎండాకాలంలోనే పోయాడు, నిద్రలో. శ్మశానం గోడ బయట, తెల్లబండి పక్కన నిలబడి, లోపల వాళ్ళు చేసే ప్రార్థన విన్నాను. నెరిసిన గడ్డపాయన బయటికి వస్తూ నన్ను గుర్తుపట్టి చెయ్యి కలిపాడు. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక కూతురు వేరే చోటికి మారింది. నేను కఫీల్, అంటే వీసా ఇచ్చే యజమాని, మారి సరుకుల వ్యానుకు వచ్చాను. అక్క తన ఊరికి వెళ్ళిపోయింది, పండక్కో పబ్బానికో ఫోను చేస్తుంది. ఆ ఇంటిని పడగొట్టి ఫ్లాట్లు కట్టారు. సరుకులు దించడానికి అటు పోతే షెడ్డు ఏ మూలన ఉండేదో నాకే ఆనవాలు దొరకదు.

ఇప్పుడు రోడ్ల మీద మనుషులు ఆపడం తక్కువైంది. స్తంభాల మీద కెమెరాలు చూస్తాయి, తప్పు చేస్తే ఫోనుకు మెసేజీ వస్తుంది, కట్టేస్తాం, ఖలాస్. మంచిదే, ఎవరి గుండే దడదడలాడదు. కానీ ఆ రోజు కర్జకాన్ రోడ్డు మీద కెమెరానే ఉండి ఉంటే, బండి నంబరు ఒకటి ఎక్కడో నమోదై ఊరుకునేది. ఆ పెద్దమనిషి దారి తప్పాడని కిటికీలోంచి వంగి చూసేవాళ్ళు, ఆయన చేతులు పట్టుకుని స్టీరింగు మీద పెట్టేవాళ్ళు ఉండేవాళ్ళు కారు. నాకూ వయసు మీద పడుతోంది. ఈమధ్య ఒకటి రెండు మలుపులు దాటిపోతున్నాను. దాటిపోయిన ప్రతిసారీ, ముందెక్కడైనా ఎవరైనా చెయ్యెత్తి ఆపుతారేమోనని చూస్తాను. రోడ్డు ఖాళీగానే ఉంటుంది.