పన్నెండు బళ్ళ ముత్తాత

మా ఊరికి మొదట వచ్చింది మా ముత్తాతే. పన్నెండు జోడెడ్ల బళ్ళతో, అడవి నరుక్కుంటూ వచ్చాడు. ఇప్పుడు మా చేనున్న చోట చిరుత అడ్డం పడుకుంటే ములుకర్రతో అదిలించాడు.

ఇది నేను నలభై ఏళ్ళుగా టీకొట్టు బల్ల మీద చెబుతున్న చరిత్ర. ఇందులో ముత్తాత నిజం, ములుకర్ర నిజం. బండి మాత్రం ఒక్కటే. మొదటిసారి రెండన్నాను. విన్నవాళ్ళు కళ్ళు పెద్దవి చేశారు. ఇక ఆపడం నా వల్ల కాలేదు.

నిన్నమొన్నటిదాకా దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. ఈ ఏడు అమ్మవారి పండగకు ముందు, ఊరి పుట్టుకను రాతిపలక మీద చెక్కించాలని కుర్రకారు తీర్మానించి, నా మాటలన్నీ రాసుకున్నారు. అమ్మవారి గుడికి ఎదురుగా ఉన్న పంచాయతీ వరండాలో చదివి వినిపించారు కూడా. అక్కడే చిక్కొచ్చింది. మా ఊళ్ళో పండగనాడు మొదటి ఘటం ఎత్తే హక్కు ఊరికి మొదట వచ్చిన ఇంటిది. తరతరాలుగా ఎత్తుతున్నది వీధి చివర ఎండుచేపలమ్మే ఇంటి ఆడవాళ్ళు. ఇప్పుడెత్తే ఆవిడ వరసకు నాకు మరదలు.

"తాతోళ్ళే ముందొచ్చినారు గదా. మరైతే ఘటం ఆలింటికాడ్నించి లేవాల" అన్నాడొకడు. నలుగురు తలలూపారు.

మరదలు లేచింది.

"పన్నెండు బళ్ళొచ్చినాయేటి బావా?"

"అంటే... సుమారుగా..."

"ఇరవై నాలుగెడ్లు! మరన్నిటికీ నీల్లెవులెట్టినారు?"

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. చీర కొంగు చేతిలో నలుగుతోంది.

"మా అత్త ఎత్తినాది, ఆలత్త ఎత్తినాది. ఇచ్చీమంటే ఇచ్చీస్తాను. నువ్వొకపాలి అమ్మోరి కాసి సూసి సెప్పు."

అమ్మవారికేసి చూసే ధైర్యం లేక, నేల చూస్తూ చెప్పేశాను. మా నాన్న నాకు చెప్పిన కథ వేరు. సముద్రపు ఒడ్డు నుంచి గంపతో ఎండుచేపలు తెచ్చి ఊరూరా అమ్మే ఒకావిడ, ఈ మరదలి అత్తింటి ముత్తవ్వ, ఇక్కడ పారే గెడ్డ ఒడ్డున అప్పటికే పాక వేసుకుని, నుయ్యి తవ్వించుకుని ఉంది. మా ముత్తాత నెల్లిమర్ల వైపు పోతూ ఉంటే ఆ పాక ముందే బండి ఇరుసు విరిగింది. ఆవిడ ఎడ్లకు నీళ్ళు పెట్టింది, ఆయనకు అంబలి పోసింది. ఇరుసు బాగయ్యేలోపు వానలు పడ్డాయి. విత్తనాలు బండిలోనే ఉన్నాయి కదా, చల్లేశాడు. ఆ పంట కోసేదాకా అని ఆగినవాడు మరి కదల్లేదు.

"మరి సిరత, తాతా?" అన్నారెవరో వెనక నుంచి.

"నక్క" అన్నాను. కాస్త ఆగి, "పెద్ద నక్క" అన్నాను.

పలక మీద ఇప్పుడు గంప ముందుంది, ఒక్క బండి వెనకుంది. పండగనాడు మొదటి ఘటం మరదలి నెత్తినే లేచింది. ఘటం గడప ముందుకొస్తే మోసేవాళ్ళ కాళ్ళకు పసుపునీళ్ళు పోయడం ఆనవాయితీ. ఆ పని మా ఇంటావిడది. ఈసారి ఆమె చేతిలోంచి చెంబు నేను తీసుకున్నాను.

నేను వంగి పోస్తుంటే పైనుంచి గొంతు వినిపించింది.

"బావా, ముందర దార్లో సిరతలేటైనా ఉన్నాయేటి?"

"లేవు మరదలా, అన్నిట్నీ అదిలించీసినాను. నువ్వు పద."