ఏలీయా ఏ రీడు?

మెదకు పట్టణ చరిత్రను ఎవరైనా సక్రమంగా రాసే రోజు వస్తే, కోట తర్వాత, చర్చికి ముందు, గాబ్రియేలు గారి నకలు అలవాటుకు ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. ఆయన పశువుల దవఖానలో కాంపౌండరు. పెద్ద సీసాలో మందు కలిపితే చిన్న సీసాలోకి కొంత వంచి దాచేవాడు. ఇంట్లో మామిడికాయ తొక్కుకు చిన్న జాడీలో నకలు. తాళంచెవికి నకలు, ఆ నకలు ఎక్కడ దాచాడో మరిచిపోతాడు కాబట్టి, ఆ సంగతి అత్తగారు నవోమమ్మ చెవిన వేసి ఉంచడం. మంచం విప్పితే ఏ కోడు ఏ మూలదో బొగ్గుతో గుర్తు పెట్టేవాడు. విప్పినదాన్ని ఉన్నది ఉన్నట్టు మళ్లీ నిలబెట్టడమే నాగరికత అని ఆయన సిద్ధాంతం.

ఆ సిద్ధాంతానికి పరీక్ష పంతొమ్మిది వందల అరవై నాలుగు ఎండాకాలంలో వచ్చింది.

శివ్వంపేటలో కొత్త ప్రార్థన మందిరం ఆదివారం తెరుస్తారు. సంఘ పెద్ద ఏలీయా గారి వేళ్లు వాతంతో బిగుసుకుపోవడం వల్ల, ఆయన ఏళ్లుగా వాయిస్తున్న హార్మోనియం మొదటిసారి గాబ్రియేలు ఒడిలోకి వచ్చింది. ఈ గౌరవం కోసం గాబ్రియేలు ఎన్ని ఆదివారాలు ఏలీయా పక్కన కూర్చుని పాటల పుస్తకం పేజీలు తిప్పాడో ఆయనకే తెలుసు. పెట్టె అప్పగిస్తూ ఏలీయా ఒకే షరతు పెట్టాడు. దాన్ని విప్పొద్దు. విప్పిన సంగతి తెలిస్తే పెట్టె వెనక్కి వస్తుంది, దానితో పాటు వాయించే పీటా వస్తుంది.

శనివారం పొద్దున ఒక మెట్టు నొక్కితే జుయ్యిమంది. లోపల ఊగి పలికే ఇత్తడి రీడులో దుమ్ము చేరిందని గాబ్రియేలు నిర్ధారించాడు. ఒక్క రీడును విప్పి ఊదితే పోయేది. కానీ ఒక్కదానికి స్నానం చేయించి మిగతావాటిని మురికిగా వదలడం ఆయన మనసుకు పట్టలేదు. పైగా నకలు పెట్టుకుని విప్పినదాన్ని విప్పడం అంటారా అని తనకు తానే ఒక మినహాయింపు మంజూరు చేసుకున్నాడు.

ఈసారి నకలు మనుషుల తలల్లో పెట్టాడు. చర్చి గేటు నుంచి బస్టాండు దాకా ఇండ్ల వరుస ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. అందుకని ఒక్కో రీడుకూ ఒక్కో ఇంటి పేరు. మొదటిది పాస్టరు గారు. తర్వాత నర్సు రూతమ్మ, ఆ తర్వాత డ్రైవరు సుందర్రావు, మరో రెండిండ్లు దాటితే ఏలీయా; జుయ్యిమన్నది అదే. చర్చి కాంపౌండులో ఇండ్లు అయిపోయాక బజారులో పడి, గిన్నెలకు కలాయి పూసే నసీరుద్దీన్ దుకాణం, రహీం సైకిళ్ల దుకాణం. ఆయన విప్పి పేరు చెప్పడం, నవోమమ్మ అందుకుని వాకిట్లో మంచం మీది దుప్పటిపై వరుసగా పేర్చడం, భార్య లిడియా పక్కనే మిరపకాయలు ఎండబోస్తూ వరుస అప్పగించడం. ముప్పై తొమ్మిది రీడ్లు ఊరంతా కొలువుదీరినట్టు పడుకున్నాయి.

అప్పుడు వాన వచ్చింది. లిడియా ముందు మిరపకాయలను దుప్పటి మీదికి తోసి, తర్వాత దుప్పటి నాలుగు కొసలూ పట్టి లోపలికి పరుగెత్తింది. మెదకు ఊరు ఎండుమిరపకాయలతో కలిసి ఒకే మూటయింది.

గాబ్రియేలు చలించలేదు. నకలు ఉంది కదా. వరుస చెప్పమన్నాడు. నకలు రెండు తలల్లో ఉండటంతో రెండు వరుసలు వచ్చాయి. లిడియా చర్చి గేటు నుంచి లెక్కపెట్టింది. నవోమమ్మ జన్మలో ఎప్పుడూ నల్లా దగ్గర నుంచే లెక్కపెట్టింది. పొడుగువి ఎడమకు, పొట్టివి కుడికి అన్నంతవరకు కళ్లే చెప్పాయి గానీ, పక్కపక్క రీడ్లు కవలల్లా ఉన్నాయి. వాటి దగ్గరే తగువు.

"రూతమ్మ పక్కన సుందర్రావును పెడుతున్నవా బిడ్డా?" అంది నవోమమ్మ. "నల్లా కాడ కొట్లాడినకాంచి వాండ్లకు మాటల్లేవు."

"అత్తమ్మా, ఇవి రీడ్లు."

"రీడ్లయితేంది? పక్కపక్కన కూసోబెట్టి పాడుమంటే పాడుతరా?"

గాబ్రియేలు నవ్వబోయి ఆగిపోయాడు. అప్పటికి ఏది రీడో ఎవరు మనిషో ఆయనకే అంతు చిక్కడం లేదు. అత్తగారి మాట కాదనలేక ఇద్దరి మధ్యా ఒక శాంతస్వభావుడిని ఇరికించి, మిగతావాటిని దేవుడి మీద భారం వేసి బిగించాడు. వాయిస్తే పాట మెట్లెక్కబోయి మధ్యలో జారి, గోడ దూకి, మళ్లీ మొదటికొచ్చి తుమ్మింది. తుమ్ము మిరపకాయలది.

రేపటి బస్సు సంగతి చెప్పిపోదామని వచ్చిన ఏలీయా గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు.

గాబ్రియేలు దొరికిపోయాడు. ఒడిలో పెట్టె, చేతిలో స్క్రూడ్రైవరు. అల్లుణ్ని కాపాడే బాధ్యత నవోమమ్మ తీసుకుంది.

"ఇందుల నీ తప్పేం లేదు ఏలీయా," అంది ఓదార్పుగా. "నువ్వు ఖరాబయినవు. గొంతుల దుమ్ము జొచ్చింది. అందుకే అల్లుడు నిన్ను ఇప్పి కడిగిండు."

ఏలీయా చెప్పులు విడిచాడు. తర్వాత వచ్చి లోపలి మంచం మీద కూర్చున్నాడు.

"ఇందుల నేనేది?" అని అడిగాడు.

లిడియా ఒకదాన్ని చూపించింది, నవోమమ్మ ఇంకొకదాన్ని. ఏలీయా గాబ్రియేలు చేత రీడ్లన్నీ మళ్లీ విప్పించి, కళ్లద్దాలు పెట్టుకుని ఒకదాన్ని వెలుతురుకు ఎత్తాడు.

"దవఖానల సీసా మీది పేరు సదవకుంటనే మందు పోస్తవా, గాబ్రియేలూ?"

ప్రతి రీడు మీదా దాని స్వరం పేరుగా చెక్కిన ఇంగ్లీషు అక్షరాన్ని కంపెనీ ముద్రేమో అనుకున్నానని గాబ్రియేలు మెల్లగా విన్నవించుకున్నాడు. ఏలీయా ఒక్కొక్కటీ చదివి అందించాడు, గాబ్రియేలు బిగించాడు. దీపాలు పెట్టే వేళకు పాట తిన్నగా మెట్లెక్కి తిన్నగా దిగింది. జుయ్యిమనడం కూడా పోయింది.

"రేపు తొలి బస్సుకు రా," అన్నాడు ఏలీయా లేస్తూ. "వాయించేది నువ్వే. స్క్రూడ్రైవరు మాత్రం ఇంట్ల పెట్టి రా."

చర్చి గేటు నుంచి ఏలీయాది ఆరో ఇల్లు. ఆరో రీడు మీద ఎఫ్ అని ఉంది.