గట్టిమేళంలో సందు

మొన్న తిరుపతి బస్టాండులో పుత్తూరు బస్సు కోసం గంటన్నర నిలబడ్డాను. నా మోకాళ్ళకు ఇప్పుడు అంత ఓపిక లేదు. పక్కనున్న టీ అంగట్లోంచి ఒక పాట వినబడింది. మాటలు అర్థం కాలేదు గానీ, దెబ్బ పడాల్సిన చోట ఆగి, ఆనక పడే ఆ వరస నాకు బాగా తెలుసు. మా మేనమామ కొంప ముంచింది అదే.

డెబ్బైల్లో చిత్తూరులో మామ బ్యాండుమేళానికి మంచి పేరు. ఆయన క్లారినెట్ వాయిస్తూ మధ్యమధ్యలో పాడేవాడు. నేను గిలక్కాయలు ఆడించేవాణ్ణి. మద్రాసు హార్బరులో పనిచేసే స్నేహితుడొకడు ఆయనకు ఒక జమైకా గాయకుడి క్యాసెట్ తెచ్చిచ్చాడు. అట్టమీద ఆ గాయకుడు, వెనక ఆయన బ్యాండు. "సూడప్పా, ఈయప్పకూ మన మాదిరే సొంత మేళం ఉండాది" అని మామ మురిసిపోయాడు. "దెబ్బ ఎవురైనా కొడతారు, ఆపేదే విద్దె" అంటూ క్యాసెట్‌లోని ఆ వరస నేర్పడానికి మమ్మల్ని ఆర్నెల్లు చంపుకుతిన్నాడు. అన్నం తింటున్నా చెయ్యి మధ్యలో ఆగిపోతోందని డోలు ముసలాయన మొత్తుకునేవాడు.

పుత్తూరులో ఒక పెళ్ళికి రావలసిన నాదస్వరం వాళ్ళ బస్సు ఏర్పేడు దగ్గర చెడిపోయింది. ముహూర్తం ఆగదు కదా, గట్టిమేళం కూడా ఊరేగింపుకని వచ్చిన మమ్మల్నే వాయించమన్నారు. తాళి కట్టేవేళ తుమ్ములాంటి అపశకునం ఎవరి చెవినా పడకూడదనే ఆ మేళం. అందులో సందు ఉండకూడదు. కానీ మా చేతులు ఆర్నెల్ల అలవాటులో ఉన్నాయి. మేళం టక్కున ఆగింది. సరిగ్గా అప్పుడే హోమం పొగకు నేను తుమ్మాను. పెళ్ళికొడుకు చెయ్యి తాళితో సహా గాల్లో నిలిచిపోయింది. రెండు తుమ్ములైతే దోషం లేదు, నాకు రెండోదీ వచ్చింది. పాడు డోలు అప్పటికే అందుకోవడంతో అది ఎవరికీ వినబడలేదు. తుమ్మిందెవరో తెలియక జనం మేళాన్ని తిట్టారు. ఆ మాట జిల్లా అంతా పాకింది. రెండేళ్ళలో మమ్మల్ని పెళ్ళికి పిలిచేవాళ్ళే లేకపోయారు. మామ మండీలో బెల్లం తూకానికి కుదిరాడు. మళ్ళీ పాడలేదు. నేను నోరు విప్పలేదు, సిగ్గుతో.

ఆ పెళ్ళి జరిగిన తొమ్మిదేళ్ళకు ఆయన మంచం పట్టినప్పుడు, పక్కన కూర్చుని చెప్పేశాను. "మామా, ఆ తుమ్ము నాదే. రెండోది డోలులో కలిసిపోయినాది."

ఆయన కళ్ళు తెరవలేదు. "తెలుసులే అల్లుడా. రెండు తూర్లు నీ గిలక్కాయ తాళం తప్పినాది. తుమ్మింది నువ్వని ఆపొద్దు సెప్పింటే నీకు పిల్లనెవురిచ్చింటారు?"

తొమ్మిదేళ్ళూ ఆ బరువు నేనే మోశాననుకున్నాను. ఆయన మోసిన తొమ్మిదేళ్ళను ఇప్పుడెవరికి తిరిగివ్వను?