సున్నా వస్తే ముందు తీగ చూడు

మా ఫిజిక్సు సారు పోయారని పొద్దున్నే కడప నుంచి ఫోన్ వచ్చింది. చేసింది అమ్మ. సారు భార్యను శిష్యులమంతా అలాగే పిలుస్తాం. "ఆసుపత్రిలోనే అప్పా. మిషన్లో గీత ఎగిరెగిరి పడుతా ఉన్నిది, ఉన్నట్టుండి సమంగా సాగిపాయ," అంది. అయ్యో అనాల్సిన చోట నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "తీగ ఊడిందేమో చూసినారా అమ్మా?" అనేశాక నాలుక కరుచుకున్నాను. అమ్మ మాత్రం, "నేనూ అదే అడిగితిని. మూడు తూర్లు చూసినారు. తీగ గట్టిగానే ఉండాదంట," అంది.

ఆ మాట సారుదే. ఆయన దగ్గర చదివిన వాళ్లెవరైనా దాన్ని నిద్రలో కూడా అప్పజెబుతారు. "సున్నా వస్తే ముందు తీగ చూడు. తీగ బాగుంటే అప్పుడు సంతోషపడు."

సారు కడపలో కాలేజీ లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. ఆయన ప్రాణమంతా కొన్ని నల్లని స్ఫటికాల మీద ఉండేది. వాటిని ఆయన పలుకులు అనేవారు. చూస్తే బియ్యపు నూకంత. ఉప్పు, పటిక లాంటివి కావు, కర్బన అణువులు దొంతరలుగా పేరుకుని తయారైనవి. ఏ తీగలోనైనా కరెంటుకు కొంత అడ్డు ఉంటుంది. దాన్నే నిరోధం అంటాం. కొన్ని పదార్థాలను విపరీతంగా చల్లబరిస్తే ఆ అడ్డు పూర్తిగా మాయమవుతుంది. అదే అతివాహకత. సారు పలుకులు మొండివి. ఎంత చల్లబరిచినా ఒప్పుకోవు, చలి బాగా ముదిరితే ఉన్న దారి కూడా మూసేస్తాయి. కానీ వాటిని నలువైపులా నొక్కిపట్టి చల్లబరిస్తే అణువులు దగ్గరకు జరిగి, ఒక చోట నిరోధం సున్నా అవుతుంది. ఇంకో రకం పలుకులుంటాయి, నొక్కితే ఉన్న అతివాహకత కూడా పోతుంది.

"కొన్నిట్ని నొక్కితే లోపలుండేది బయటికొస్తాది. కొన్నిట్ని నొక్కితే ఉండేది గూడా పోతాది. నీ చేతిలో ఉండేది ఏ రకమో తెలీకుండా బిగియొద్దప్పా," అనేవారు. అప్పట్లో అది స్ఫటికాల గురించే అనుకున్నాను.

పలుకుల్ని ఆయన ఇంటి వెనక గదిలోనే పెంచేవారు. గాజు గొట్టంలో ద్రావణం పోసి, ఉందో లేదో తెలియనంత సన్నని కరెంటు ఇచ్చి, వారాల తరబడి చీకట్లో వదిలేయాలి. కదిలిందా, పలుకు పాడైనట్టే. ఆ వీధిలోనేమో బండల లారీలు తిరిగేవి. అందుకని ఇసుక పెట్టె మీద కడప బండ పరిచి, గొట్టాలు దాని మీద నిలబెట్టారు. గదిలోకి చెప్పులతో పోకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. పాఠం చెబుతూ చెబుతూ సారు హఠాత్తుగా లేచి వెళ్లి అరచేయి బండ మీద ఆనించేవారు. మాకేమీ వినిపించేది కాదు. కాసేపటికి లారీ వచ్చేది. వెళ్లిపోయాక చేయి తీసి, ఆగిన వాక్యం దగ్గరే మళ్లీ మొదలుపెట్టేవారు. ఒకసారి అలాగే లేచి చేయి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. ఏ లారీ రాలేదు. "ఏం సార్?" అంటే, "ఏమో అప్పా, ఎవురో నడుస్తాండారు," అన్నారు. ఆ మాటకు మేమెవరమూ నవ్వలేదు.

మాది నందికొట్కూరులో బట్టలంగడి. "అంగడి పిల్లోడివి, తొందరెక్కువ నీకి," అని సారు నన్ను ఏడిపించేవారు. ఆ తొందరే నా చేత తప్పు చేయించింది. దాన్ని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

మంచి పలుకు ఒకటి కుదిరింది. బెంగళూరులో ఒక ప్రయోగశాల వాళ్లు అంత చలి పుట్టించే ద్రవ హీలియం వాడుకోనిస్తామన్నారు. పలుక్కి కరెంటుకు రెండు, కొలతకు రెండు, సన్నని బంగారు తీగలు నాలుగు అతికించి, నూనెలో ముంచి, పిడికెడంత లోహపు దిమ్మెలో పెట్టి, పైన మర బిగించారు సారు. ఆ దిమ్మెను సెల్ అంటాం. బిగించిన ఒత్తిడి అందులో ఏళ్లపాటు నిలుస్తుంది. కాలం గడిచేకొద్దీ కాస్త తగ్గవచ్చు గాని, తనంతట తాను పెరగదు. ఆ సెల్‌ను పొడుగాటి కడ్డీకి కట్టి హీలియం పాత్రలోకి దించాలి. పావుగంటకొక వేలెడు. అంతకంటే తొందరపడితే పలుకు లోపల పగులుతుంది.

మధ్యాహ్నం సారు భోజనానికి వెళ్తూ కడ్డీ నాకప్పగించారు. హీలియం తగ్గిపోతోంది, నాకు ఆకలిగా ఉంది, తర్వాతి వంతు వాళ్లు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. జానెడు కడ్డీ ఒక్కసారే దింపేశాను. ఇంకాసేపటికి గ్రాఫు కాగితం మీద నిరోధం గీసే ముల్లు కిందికి జారి సున్నా మీద పడుకుంది. సారు వచ్చి చూశారు. ముందు తీగలు చూశారు. అన్నీ గట్టిగా ఉన్నాయి. నేను ఎగిరి గంతేస్తానేమో అన్నట్టున్నాను. ఆయన స్టూలు మీద కూర్చుని పాత్ర మీద అరచేయి ఆనించి, "చలి ఎట్ల దింపితివప్పా?" అన్నారు.

"మెల్లగానే సార్," అన్నాను.

పగిలిన పలుకు కూడా సున్నా చూపిస్తుంది. కరెంటు పగులు చుట్టూ తిరిగి పోతుంది, కొలిచే తీగల మధ్యకు రాదు, మీటరు అడ్డేమీ లేదంటుంది. కనుక మా సున్నా నిజమో అబద్ధమో తేల్చగలిగింది నా ఒక్క మాటే అనుకున్నాను. సారు ఆ ఫలితాన్ని ఎక్కడా అచ్చు వేయించలేదు. "ఇంకోటి పెంచుదాం," అన్నారు. ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి. మళ్లీ సున్నా రాలేదు. రిటైరయ్యాక కూడా ఆ గదిలోనే, అదే బండ దగ్గర, నా అబద్ధానికి ఆయన వయసంతా పోసి పెంచారు. నేను కర్నూలులో ఉద్యోగంలో చేరాను. చూడ్డానికి వెళ్లినప్పుడల్లా అమ్మ కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లేది, సారు కాసేపు అదీ ఇదీ మాట్లాడి, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు అడిగేవారు: "ఆ పొద్దు చలి ఎట్ల దింపితివప్పా?" గొంతులో కోపం ఉండేది కాదు. ప్రతిసారీ అవే మాటలు. నేనూ అవే మాటలు. ఆసుపత్రిలో కడసారి చూసినప్పుడు కూడా ముక్కుకు గొట్టం పెట్టుకుని అదే అడిగారు. "మెల్లగానే సార్," అన్నాను. సిగ్గు లేకపోతే సరి.

దినాలు అయ్యాక అమ్మ వెనక గది బీరువా తెరిచింది. తలుపు లోపలివైపు ఆనాటి గ్రాఫు కాగితం అతికించి ఉంది. నీలం గీత నిరోధానిది, అది నాకు బాగా తెలుసు. పక్కనే చలిని గీసిన ఎర్ర గీతను ఆ రోజుదాకా నేను సరిగ్గా చూడనే లేదు. మెట్లు మెట్లుగా దిగి దిగి, ఒక చోట బావి గోడలా నిట్టనిలువుగా పడింది. జానెడు. సరిగ్గా ఆ చోట కాగితం వేలి మరకతో నల్లబడి, అరిగి, వెనక ఇనుప రేకు కనిపిస్తోంది.

ఆయనకు మొదటి రోజు నుంచే తెలుసు. నేను ఏ రకం పలుకునో తెలియక నన్ను నొక్కలేదు, అంతే. ఆ బీరువా ముందు నిలబడి ఏడ్చాను.

"ఇది నీకియ్యమన్నాడు," అంటూ అమ్మ పాత పంచె గుడ్డలో చుట్టిన సెల్ చేతిలో పెట్టింది. చివరిసారి ఆయనే బిగించిందట. "విప్పొద్దంట. విప్పితే లోపలిది పోతాదంట. మీటరు తగిలిచ్చి ఊరికే చూస్తా ఉండమన్నాడు."

ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టి మీటరు తగిలించాను. ఈ పలుకు తీరు నాకు తెలుసు. మామూలు గది వేడిలో, ఒత్తిడి తగ్గినా, ఎండ వేడి తగిలినా అంకె పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితేనే తగ్గుతుంది. మూడు రోజులు చూశాను. చివరి అంకె ఒక్కొక్కటిగా పైకి పాకుతోంది. అలా పాకడమే న్యాయం.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, గది కొలిమిలా కాగుతోంది, బ్యాటరీ మీద మీటరు ఒక్కటే వెలుగుతోంది. ఇంట్లో ఎవరూ లేరు. చెప్పులు విప్పి వచ్చి బల్ల మీద అరచేయి ఆనించాను. ఎందుకు ఆనించానో తెలియదు.

"సార్," అన్నాను, "ఆ పొద్దు జానెడు ఒక్కసారే దింపినాను."

అంకె ఆగింది. తర్వాత తగ్గింది. ఒక్కొక్కటిగా, తొందర లేకుండా, ఎవరో మరను వేలెడు వేలెడు బిగిస్తున్నట్టు తగ్గుతూ వచ్చి ఒక చోట నిలబడింది.

నేను ముందు తీగ చూశాను. నాలుగూ లాగి చూశాను.

తీగలు గట్టిగానే ఉన్నాయి.