పొగ మీద వేసిన నింద

ఈ మాట చాలా ఏళ్లుగా నా దగ్గరే ఉంది. మూట బరువైతే ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకోవచ్చు. దీన్ని అట్లా మార్చుకోవడం కుదరలేదు. ఇప్పుడు మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలీదు, అదే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పాలంటే వాళ్ల మొహం చూడాలి.

నా పేరు చెప్పను. చింతామణి బజారులో మాకు అంగడి ఉండేది. చింతపండు, బెల్లం, వేరుశనక్కాయలు అమ్మేవాళ్లం. అంతవరకు చాలు.

నేను చేసిన పని చూస్తే చిన్నదే. ఎవరినీ కొట్టలేదు, ఎవరి పొలమూ రాయించుకోలేదు. కానీ నేనన్న ఒక్క మాటకు ఒక ఆడమనిషి బతికినంత కాలం బయట, ఎండలో వానలో వంట చేసింది. తప్పు తనదే అనుకుంటూ చేసింది. ఆ తప్పు నాది.

మొదటి నుంచీ చెప్తాను. చిక్కబళ్లాపురం హైస్కూల్లో నాతో పాటు నారాయణప్ప అని ఒకడు చదివేవాడు. బాగేపల్లి దగ్గర పరగోడు వాడి ఊరు, సేద్యం చేసే ఇల్లు. మా డ్రాయింగ్ మేష్ట్రుకు ఫొటో పటాలు తీసే పిచ్చి. ఆయన ఆ పిచ్చి మా ఇద్దరికీ అంటించాడు. నారాయణప్ప మేనమామ బంగారు గనుల్లో పని చేసేవాడు, వాడికి ఒక డబ్బా కెమెరా ఇచ్చాడు. చదువు అయ్యాక వాడు సేద్యంలోకి, నేను అంగట్లోకి వెళ్లాం. పిచ్చి మాత్రం ఇద్దరికీ అట్లాగే మిగిలింది. కెమెరా వాడిది, చీకటి నాది అని నవ్వుకునేవాళ్లం.

చీకటి అంటే మా చింతపండు గోడౌను. కిటికీ లేని గది. తలుపు సందుల్లో గోనెపట్టాలు కుక్కితే పట్టపగలు కూడా చెయ్యి కనపడేది కాదు. లాంతరు చుట్టూ ఎర్ర కాగితం చుట్టి, మూడు పింగాణీ పళ్లేలు వరసగా పెట్టుకునేవాళ్లం. మొదటి పళ్లెంలో బొమ్మను తెచ్చే మందు, రెండోదాంట్లో బావి నీళ్లు, మూడోదాంట్లో హైపో. తెల్ల కాగితం మీద ముందు ఒక కనుబొమ్మ వచ్చేది, తరవాత ముక్కు, తరవాత మనిషి. ఎన్నిసార్లు చూసినా ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్లం. చింతపండు పులుపూ, ఆ మందుల ఘాటూ కలిసిన వాసన ఒకటి ఉండేది. ఇప్పటికీ చింతపండు పిసికితే నాకు ఇరవయ్యేళ్లు వస్తాయి. ఆ గదిలో ఉన్నంత సుఖంగా నేను మరెక్కడా లేను.

హైపో గురించి మీకు చెప్పాలి, ఎందుకంటే నా పాపమంతా అందులోనే ఉంది. చూడ్డానికి కలకండ ముక్కల్లా ఉంటుంది. బొమ్మను తెచ్చేది మొదటి మందు, నిలిపేది హైపో. కొన్నిసార్లు వాడాక దాని సారం పోతుంది, నీళ్లు నురగ కడతాయి. అట్లాంటి నీళ్లలో వేసిన పటం ఆ రోజుకు బాగానే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి పసుపెక్కుతుంది, మరక మొహాన్ని తినేస్తుంది. మేష్ట్రు మాకు మొదట నేర్పిన పాఠం ఇదే. వాడిన హైపో పారబోయండిరా అనేవాడు. కానీ అంగట్లో పుట్టినవాడికి పారబోయడం ఎక్కడ చేతనవుతుంది? గోనెసంచి దులిపి రాలిన గింజ కూడా ఏరుకునే ఇల్లు మాది. వాడిన హైపోను సీసాలో పోసి దాచేవాణ్ని.

అంతలో యుద్ధం వచ్చింది. బియ్యానికీ కిరసనాయిలుకీ కరువైతే మా మందులు ఎవరికి పట్టాయి? బొమ్మ తెచ్చే మందు జర్మనీ సరుకు, అది ముందే ఆగిపోయింది. తరవాత హైపో కూడా కనపడకుండా పోయింది. బెంగుళూరులో మేం కొనే మందుల అంగడివాడు నన్ను చూడగానే చెయ్యి అడ్డంగా ఊపేవాడు. ఉన్నదంతా పెద్ద స్టూడియోలవాళ్లకే సరిపోవడం లేదట. సీసాలో కాస్త మొదటి మందు మిగిలింది కానీ, హైపో లేక దాదాపు ఏడాది మా గోడౌనులో ఎర్ర లాంతరు వెలగలేదు.

అట్లాంటప్పుడు నారాయణప్ప ఒక ఉపాయం చెప్పాడు. తన చేలో పండిన శనక్కాయలు ఒక మూట కట్టి, బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు మీద వేసుకుని చింతామణి తెచ్చాడు. అంగడివాడికి ఇది ఇచ్చి చూడు అన్నాడు. నేను చిన్న పట్టాల రైల్లో ఆ మూటతో బెంగుళూరు వెళ్లాను. శనక్కాయలు పని చేశాయి. అంగడివాడు లోపలికి వెళ్లి ఒక పొట్లం తెచ్చి చేతిలో పెట్టాడు. ఒక్క దఫాకు సరిపోయే హైపో. ఎవరి కాయలకు వచ్చిందో వాళ్లదే కదా ఆ పొట్లం?

నారాయణప్ప అంత పట్టుపట్టింది వాళ్లమ్మ కోసం. గంగమ్మ అని, ముసలామె. పటం తీస్తే ఆయుస్సు తగ్గుతుందని ఎప్పుడూ ఒప్పుకునేది కాదు. నేను పరగోడు వెళ్లినప్పుడల్లా నాకు సంగటి ముద్ద పెట్టేది. మా ఇంట్లో బయటి వంట తినకూడదు, అయినా నేను తినేవాణ్ని. ఇంటికొచ్చి ఆకలి లేదని చెప్పేవాణ్ని. ఒప్పించింది కూడా నేనే. నీ ఆయుస్సు మా తూకానికి అందదులే అవ్వా, ఎంత తీసినా తరగదు అన్నాను. ఆమె పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు ఇంకా పూర్తిగా ఆగకముందే నారాయణప్ప పటం తీశాడు. నారాయణప్ప భార్య లచ్చుమమ్మ అత్త కొంగు సర్దుతూ పక్కకు తప్పుకోవడం ఆలస్యమైంది. గాజుల చెయ్యి ఒకటి పటం అంచులో పడింది.

ఇక నా సంగతి. నా దగ్గర కూడా అప్పుడు ఒక ఫిల్ము ఉంది. నంది కొండ మీదికి పోయి, కింద పరుచుకున్న మబ్బులను వాడి కెమెరాతోనే తీశాను. బెంగుళూరులో పటాల పోటీ ఉందని విన్నాను. నా మబ్బులు చూసి దొరలు ముక్కున వేలేసుకుంటారని కలలు కన్నాను. చింతపండు తూచేవాడు కళాకారుడు కాకూడదా?

పొట్లం ఒకటి, ఫిల్ములు రెండు. రెండూ ఆ కొత్త హైపోలోనే ఒకదాని తరవాత ఒకటి వెయ్యొచ్చు కదా అని మీరు అడగొచ్చు. వెయ్యొచ్చు. కానీ పోటీకి పెద్ద కాగితాలు చాలా తియ్యాలి, నచ్చేదాకా తియ్యాలి. సారమంతా నా మబ్బులకే కావాలనిపించింది. ఆ మధ్యాహ్నం గోడౌనులో నేనొక్కణ్నే ఉన్నాను. నారాయణప్ప కోతలున్నాయని రాలేదు. అటక మీది పాత సీసా దించాను. మూత తియ్యగానే నురగ వచ్చింది. చూశాను. చూడలేదని ఎట్లా అంటాను? ఆ నీళ్లలోనే గంగమ్మ ఫిల్మూ, కాగితమూ వేశాను. చాలాసేపు ఉంచితే సరిపోతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. తక్కువ తూచేవాడు కూడా పైన రెండు గింజలు వేసి మనసు సరిపెట్టుకుంటాడు.

పటం బ్రహ్మాండంగా వచ్చింది. నారాయణప్ప చూసి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కొత్త హైపోనే కదా అని అడిగాడు. ఊ అన్నాను. అది మొదటి అబద్ధం.

ఆ వానాకాలంలో గంగమ్మ చలిజ్వరంతో పోయింది. నా మబ్బులకు బహుమానమేమీ రాలేదు, పటం తిరుగు టపాలో వచ్చింది. దాన్ని మా నడవలో తగిలించాను.

మరుసటి ఏడు పరగోడు వెళ్తే నారాయణప్ప నన్ను గుమ్మంలోనే ఆపాడు. పటం గోడ మీంచి తీసి తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. తెల్ల చీర గోధుమరంగు తిరిగింది. మొహం మీద మరక. నవ్వు ఎక్కడుందో వెతుక్కోవాలి. గాజుల చెయ్యి మాత్రం అంచులో కాస్త మిగిలింది.

"చూడప్పా, మా యమ్మ పోతాండాది. ఎందుకిట్లయింది?" అన్నాడు.

నాకు తెలుసు. నోటి దాకా వచ్చింది. వచ్చినదాన్ని మింగి, "యాడ తగిలించినారు దీన్ని?" అని అడిగాను.

"వంటింట్లో, పొయ్యికి ఎదురుగా. లచ్చుమమ్మ పెట్టింది."

"అదే మరి. పొగప్పా. పొగకు పటాలు నిలవవు. పొయ్యి కాడ ఎవరన్నా పెడతారా?"

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికి అన్నాడట వెనకటికొకడు. వాడికన్నా నాది నయం, నా మాట నమ్మేట్టుగా ఉంది. లచ్చుమమ్మ వంటింటి గడప మీద నిలబడి ఉంది. అంతా వింది.

"నాకు తెలీదప్పా," అంది. "సంగటి దించినాక తొలి ముద్ద అత్త ముందర పెడతాండాను. ఆమెకు కనపడతా ఉండాలని ఆడ పెట్టినాను. నా చేత్తో నేనే చెరుపుకున్నానా?"

నేను చేతిలో పటాన్ని బోర్లా తిప్పాను. నారాయణప్ప ఆమెను ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే నేను అడ్డం పడేవాణ్నేమో, ఆ అడ్డం పడటంలో నిజం బయటికి వచ్చేదేమో. ఎవరికి తెలుసు?

ఇంటికి వచ్చి బిస్కెట్ల డబ్బాలో ఉన్న గంగమ్మ ఫిల్ము తీసి చూశాను. కడిగాక అది మళ్లీ పరగోడు ముఖమే చూడలేదు, ఏ పొయ్యి పొగా దానికి తగల్లేదు. అయినా పసుపెక్కి మరకలు పడి ఉంది. మర్నాడే బస్సెక్కి వెళ్లి చెప్పి ఉండొచ్చు. కొట్టేవాడా? కొట్టడు. అట్లాంటివాడు కాదు. మరి దేనికి భయపడ్డాను? వాడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు కదా, ఆ పట్టు వదిలేస్తాడని. అంతే.

తరవాత వెళ్లేసరికి పొయ్యి వంటింట్లో లేదు. లచ్చుమమ్మ తానే మట్టి తొక్కి, పశువుల కొట్టం పక్కన కొత్త పొయ్యి వేసుకుంది. ఈ ఇంట్లో ఇంక పొగ వద్దంది. పైన నాలుగు తాటాకులు. గాలివానకు అవి ఎగిరిపోయేవి, ఆమె గోనెపట్టా నెత్తిన కప్పుకుని ఊదుకుంటూ కూర్చునేది. కళ్లు ఎర్రగా ఉండేవి. నేను వెళ్లినప్పుడల్లా గాలి ఎటు వీస్తోందో చూసి చాప వేసేది. పొగ తగలని చోట కూర్చో అప్పా అనేది. ఆ సంగటి తినే హక్కు నాకు లేదు. అయినా తిన్నాను. తినకపోతే ఎందుకని అడుగుతుంది కదా.

నారాయణప్ప పటాలు మానేశాడు. కెమెరా నాకిచ్చేశాడు. నీ దగ్గరుంటే నిలిచే పటాలు తీస్తావు అన్నాడు. యుద్ధం అయ్యాక హైపో మళ్లీ దొరికింది, అడిగినంత ఇచ్చారు. గంగమ్మ ఫిల్మును కొత్త హైపోలో నానబెట్టి చూశాను. పోయిన మొహం వస్తుందా? మూడు పళ్లేలూ కడిగి మా ఆవిడకు ఇచ్చేశాను. పండగలకు వాటిలో పిండి కలిపేది.

ఎన్నోసార్లు చెబుదామని బయల్దేరాను. బస్సులో చింతామణి నుంచి బాగేపల్లి దాకా ఒక్కటే వాక్యం నోట్లో నమిలేవాణ్ని. పరగోడులో దిగగానే అది ఎటో పోయేది. నారాయణప్పే ముందు పోయాడు. లచ్చుమమ్మ నిరుడు పోయింది. దినానికి వెళ్లాను. కొట్టం పక్కన ఆ పొయ్యి అట్లాగే ఉంది, ఇంట్లో వంటింటి గోడ తెల్లగా, మసి లేకుండా ఉంది. క్షమించగలిగినవాళ్లంతా పోయాక నోరు తెరిచాను, చూశారా. ఇందులోనూ తూకం దొంగతనమే.

మా నడవలో మబ్బుల పటం ఇంకా వేలాడుతోంది. వచ్చినవాళ్లు నిలబడి చూస్తారు. ఇన్నేళ్లయినా ఎంత తెల్లగా ఉన్నాయో అంటారు. అవును, తెల్లగానే ఉన్నాయి.

బస్సులో నమిలిన ఆ వాక్యం ఇదే. వినాల్సినవాళ్లు లేకపోయినా ఇక్కడ చెప్తున్నాను. నీ పొయ్యి పొగ కాదు లచ్చుమమ్మా. అత్త మొహాన్ని చెరిపింది నేను.