మళ్లీ కళ్లు తెరిచిన పెద్దాయన

నేను దగ్గితే ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు వాటంతటవే స్టార్టవుతాయని పేరు. అలాంటి నేను పోయినేడాది మా అమ్మాయిని నర్సింగ్ మాన్పించి, స్పేర్ పార్ట్స్ కొట్లో కూర్చోబెడదామని గన్నవరం దగ్గరున్న వాళ్ల కాలేజీకి వెళ్లాను.

"ముందు ఇది పెట్టుకుని చూడు నాన్నా," అంటూ అమ్మాయి, కంప్యూటర్ బొమ్మల్ని నిజంలా చూపించే బిందెంత కళ్లద్దాలు నా మొహానికి తగిలించింది. అంతే, వాళ్లు వైద్యం సాధన చేసే గదిలో మంచం మీదున్న రబ్బరు బొమ్మ కాస్తా ముసలాయనైపోయింది. ఆయన నన్నే చూస్తూ, "బాబూ, ఊపిరాడట్లేదు," అన్నాడు.

"డాక్టర్ని పిలవండర్రా!" అని విమానాలు దారి తప్పేలా అరిచానట. నాకేం వినపడలేదు.

ఆయన ఊపిరి ఆగింది. "పక్కకి జరుగు నాన్నా," అని అమ్మాయి ఆయన గుండె మీద నొక్కుతూనే ఉంది. అయినా పోయాడు. తను చెమట తుడుచుకుని, పక్కనున్న వాళ్ల టీచరమ్మతో, "మళ్లీ పెట్టండి మేడమ్," అంది.

ఆయన కళ్లు తెరిచాడు. "బాబూ, ఊపిరాడట్లేదు."

బయటికొచ్చాక అడిగాను. "ఇలా ఎన్నిసార్లు పోతాడమ్మా?"

"మాకు చెయ్యి కుదిరేదాకా నాన్నా."

ఇంటికొచ్చేశాను. మాన్పిద్దామన్న మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. రేపు ఆ మంచం మీద నేనుంటే, "మళ్లీ పెట్టండి మేడమ్" అనడం కుదరదు కదండీ.